మిరుగు లోపల: సున్నపురాయి గనిలో రసాయనాల స్టోరు పని డైరీ

ఫిబ్రవరి మొదట్లో

మాది సున్నపురాయి గని. మిర్యాలగూడ నుంచి వాడపల్లి వైపు వస్తే, మూసీ కృష్ణలో కలిసే చోటికి ఎంతో దూరం లేదు. ఇక్కడ నేను సేఫ్టీ చూస్తాను. ఈ ఏడాది మేనేజర్ సార్ నాకు అప్పజెప్పిన పని ఇది: గనిలో ఉన్న ప్రమాదకర ద్రవాలు, పొడులు అన్నీ లెక్కకు తేవాలి. వాటికి సరైన స్టోరు కట్టించాలి. ఒలికితే ఎత్తడానికి కావలసిన సామాను ఎక్కడికక్కడ పెట్టించి, మనుషులకు చేతితో చేయించి నేర్పాలి.

గడువు మిరుగు. మృగశిర కార్తెలో వాన పడ్డదంటే టిప్పర్లు తిరిగే హాల్ రోడ్డు మీద, మెట్లు మెట్లుగా తవ్విన బెంచీల మీద ఉన్న ప్రతి నూనె మరకా కడుక్కుపోయి పిట్ అడుగున సంపులోకి దిగుతుంది. ఆ సంపు నీళ్లనే పక్క రైతులు మోటర్లు పెట్టి తోడుకుంటారు. కాలువ నీళ్లు అందని మడులకు అదే దిక్కు. పైగా సున్నపురాయిలో నెర్రెలు ఎక్కువ. మీద పోసింది మీదనే ఉండదు, పగుళ్లు పట్టుకుని కిందికి దిగి బోరు నీళ్లలో తేలుతుంది. ఫ్లోరైడుతో తరాలు నడుములు వంగిపోయిన జిల్లా ఇది. నీళ్లు చెడితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు.

సున్నపురాయి తవ్వే చోట రసాయనాలేముంటాయి అని చాలామంది అడుగుతారు. బంగారు గనుల్లో వాడే సైనైడ్ లాంటిది మా దగ్గర లేదు, నిజమే. కానీ స్టోరు తలుపు తీసి ఒక్కొక్కటి రాసుకుంటూ పోతే పేజీలు నిండాయి. డీజిలు, ఇంజిన్ ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు, గేర్ ఆయిలు, గ్రీజు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, బ్యాటరీ ఆసిడ్, పెయింటు, థిన్నరు. వెల్డింగ్ దగ్గర ఆక్సిజన్, అసిటిలీన్ సిలిండర్లు. ల్యాబులో రాయి పరీక్షకు హైడ్రోక్లోరిక్ ఆసిడ్, కాస్టిక్ సోడా. తాగునీళ్ల ట్యాంకుకు బ్లీచింగ్ పౌడర్. బ్లాస్టింగ్ రోజు వచ్చే అమ్మోనియం నైట్రేట్ మందు. ఇవిగాక కాలిన ఆయిలు, నూనె గుడ్డలు, పాత ఫిల్టర్లు, ఖాళీ డ్రమ్ములు.

రాసుకుంటూ పోతుంటే ల్యాబ్ వెనక ర్యాక్ దగ్గర చెయ్యి ఆగింది. పై అరలో బ్లీచింగ్ పౌడర్ సంచి, మూతి సగం విప్పి ఉంది. దాని కింద అరలో హైడ్రోక్లోరిక్ ఆసిడ్ సీసాలు. పక్కనే బ్రేక్ ఆయిల్ డబ్బాలు, ఒక కూలెంటు క్యాను. బ్లీచింగ్‌కు ఆ ఆసిడ్ తగిలితే క్లోరిన్ లేస్తుంది. మూసిన గదిలో రెండు మూడు పీల్పులు చాలు, మనిషి కూలబడటానికి. బ్రేక్ ఆయిలు, కూలెంటు గ్లైకాల్ రకాలు. అవి బ్లీచింగ్ మీద పడితే కాసేపు ఏమీ కానట్టే ఉండి, ఉన్నట్టుండి మంట లేవవచ్చు. మూడూ ఒకే ర్యాక్‌లో ఉన్నాయి. ఎవరో కావాలని పెట్టింది కాదు, చోటున్న దగ్గర సర్దిందే. కొత్త స్టోరు అయ్యేదాకా ఆగే పని కాదని ఆ సాయంత్రమే బ్లీచింగ్ సంచిని పంపు హౌస్ గదిలోకి, ఆయిళ్లను వర్క్‌షాప్‌లోకి మార్పించి, ఆ ర్యాక్‌లో ఆసిడ్ ఒక్కటే మిగిల్చాను.

ఫిబ్రవరి చివర

లేబుళ్ల పని. ఇది కాగితం పనిలా కనిపిస్తుంది గానీ మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది. కింద ఒలికింది ఏమిటో తెలియకుండా దాని మీద ఏం చల్లాలో తేల్చలేం. డీజిలు మీద రంపపు పొట్టు చల్లితే మేలు. అదే పొట్టు అమ్మోనియం నైట్రేట్‌లో కలిస్తే, మంటకు ఊపిరి పోసే పదార్థానికి మనమే కట్టెలు అందించినట్టు.

వర్క్‌షాప్ గోడవారన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి దొరికింది. లోపల పచ్చగా మెరిసే నీళ్లు. కూలెంటు. రేడియేటర్‌కు టాపప్ చేయడానికి సులువని నింపి పెట్టుకున్నారు. కూలెంటులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. రుచికి తియ్యగా ఉంటుంది, లోపలికి పోతే కిడ్నీలను కొడుతుంది. గని గేటు బయట మేకలు మేస్తాయి, వర్క్‌షాప్‌లో రెండు కుక్కలు పడుకుంటాయి, ఆదివారాలు డ్రైవర్ల పిల్లలు అన్నం గిన్నెలు పట్టుకుని వస్తుంటారు. మెకానిక్ అన్నను పిలిచి సీసా చూపించాను. ఆయన మాట్లాడకుండా దాన్ని తీసుకుపోయి డ్రమ్ములో వంపి, సీసాను కాలితో తొక్కేశాడు. ఆ రోజు నుంచి మా గనిలో కట్టడి ఒకటే: తాగే సీసాలో, తినే డబ్బాలో ఏ రసాయనమూ పోయరాదు. చిన్న టాపప్‌లకు మూతి ఉన్న ఎర్ర క్యాన్లు తెప్పించాం.

ప్రతి రసాయనానికీ కంపెనీ సేఫ్టీ డేటా షీట్ ఇస్తుంది. పదహారు భాగాలుంటాయి, ఇంగ్లిషులో. గనిలో నిలబడి అదంతా ఎవరూ చదవరు. నాలుగు భాగాలే పట్టుకున్నాను: ప్రథమ చికిత్స, నాలుగోది. ఒలికితే ఏం చేయాలి, ఆరోది. ఎట్లా నిల్వ చేయాలి, ఏడోది. ఒంటి మీద ఏం వేసుకోవాలి, ఎనిమిదోది. వీటిని ఒక్కో రసాయనానికి ఒక్క పేజీలో తెలుగులో రాసి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. మా దగ్గర ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వాళ్లున్నారు, చుట్టుపక్కల తండాల వాళ్లున్నారు, బడికి పోని వాళ్లున్నారు. అందుకని అక్షరం కన్నా బొమ్మ, బొమ్మ కన్నా రంగు ముందు కనపడాలి.

ఎర్ర అంచు వజ్రాకారంలో ఉండే అంతర్జాతీయ గుర్తులను స్టోరు ఊడ్చే అక్కకు ఒక్కొక్కటి చూపించి అడిగాను. చేతి మీద చుక్క పడి చెయ్యి తినేసినట్టున్న బొమ్మ చూడగానే, "ఇది ఆసిడ్ సార్, చెయ్యి గాలుతది" అంది. పుర్రె బొమ్మా తెలిసింది. కానీ ఉత్త మంట బొమ్మకూ, గుండ్రం మీద మంట బొమ్మకూ తేడా ఆమెకే కాదు, డిప్లొమా చదివిన కుర్రాడికీ తెలియలేదు. మొదటిది అంటుకునేది. రెండోది తాను అంటుకోకపోయినా పక్కదాన్ని మండించేది. బ్లీచింగూ, అమ్మోనియం నైట్రేటూ ఈ రెండో జాతివి. అందుకే వీటికి మటుకు గుర్తు కింద అడ్డంగా పసుపు పట్టీ వేయించి, "పసుపు పట్టీ ఉన్నదాని దగ్గరికి పొట్టు, ఊక, గుడ్డ, నూనె తేవద్దు" అని షిఫ్టు షిఫ్టుకీ చెప్పించాం.

మార్చి

స్టోరు కట్టడం మొదలైంది. పాత షెడ్డునే మూడు గదులుగా విడదీస్తున్నాం: నూనెలది, ఆసిడ్లది, పసుపు పట్టీ వాటిది. పసుపు గదికి తలుపు అవతలి వైపు. మధ్యలో గోడ కప్పు దాకా పోతుంది. బ్లాస్టింగ్ మందు ఈ షెడ్డులోకి రాదు. అది పేలుడు పదార్థాల లైసెన్సు ఉన్న సరఫరాదారు వాహనంలో ఆ రోజుకు కావలసినంతే వస్తుంది, మిగిలితే తిరిగి వెళ్తుంది. అమ్మోనియం నైట్రేట్‌కు 2012 నుంచి విడిగా రూల్సే ఉన్నాయి. 2020 ఆగస్టు 4న బేరూత్ ఓడరేవులో గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న 2,750 టన్నుల సరుకు ఒక్కసారి లేచిపోయాక మన దేశంలో ఆ రూల్సు ఇంకా బిగించారు.

నూనెల గది చుట్టూ లోపలి వైపు కట్ట. లెక్క అందరూ పాటించేదే: ఉన్నవాటిలో అతి పెద్ద పాత్ర మొత్తం కారిపోయినా పట్టి, ఇంకో పదో వంతు చోటు మిగలాలి. మా డ్రమ్ము 210 లీటర్లది, అంటే కట్టలో కనీసం 231 లీటర్లు పట్టాలి. మేం అంతకు చాలా ఎక్కువే కట్టాం. ఇక్కడ మేస్త్రీతో ఒక మాట గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. వాన నీళ్లు పోవడానికి కట్టకు తూము పెట్టి వదిలేస్తానన్నాడు. తూము వదిలేస్తే కట్ట కట్టిన అర్థమే లేదు. వాల్వు పెట్టించి, మామూలు రోజుల్లో మూసి తాళం వేసి ఉంచుతున్నాం. లోపల నీళ్లు నిలిస్తే, పైన నూనె మెరుపు లేదని చూశాకనే తెరవాలి, తెరిచినవాళ్లు రిజిస్టర్‌లో రాయాలి.

ఆసిడ్ గది నేలకు తాండూరు బండలు పరుస్తానని కూడా ఆయనే అన్నాడు. "గట్టి బండ సార్, ముప్పై ఏండ్లయినా చెక్కు చెదరదు." ఇళ్లకు, అంగళ్లకు ఆ మాట నిజం. కానీ తాండూరు బండ సున్నపురాయే. ఆసిడ్ పడ్డ చోటల్లా నురగ కక్కి గుంట పడుతుంది, బండల సందుల్లోంచి కిందికి దిగుతుంది. ఆయనకు నమ్మకం కలగాలని బండ ముక్క ఒకటి తెప్పించి, ల్యాబులో ముఖానికి షీల్డు పెట్టుకుని దాని మీద హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్క వేశాను. చుక్క పడ్డ చోట బుసబుసమని పొంగింది. నీళ్లతో కడిగి చూస్తే నున్నటి పైపొర పోయి గరుకు మచ్చ మిగిలింది. మేస్త్రీ వేలు పెట్టి తడిమి, "అయితే ఆసిడ్ టైలే ఎయ్యాలె" అన్నాడు. ఆ టైలుకు మామూలు సిమెంటు పనికిరాదు, ఆసిడ్‌కు ఓర్చే మసాలా కావాలి. అది వచ్చేదాకా క్యాన్లన్నీ అంచున్న మందపాటి ప్లాస్టిక్ ట్రేల్లో ఉంటాయి.

బ్యాటరీ ఛార్జింగ్ చోటుకు పైన, కప్పు దగ్గర కిటికీలు పెట్టించాం. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ లేస్తుంది, అది తేలిక కాబట్టి పైకే పోతుంది, గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

మార్చి చివర: ఆసిడ్ మీద ఏం చల్లాలి

ఈ ప్రశ్నకు వర్క్‌షాప్‌లో అందరి దగ్గరా సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే: "క్రషర్ డస్టు ఉన్నదిగదా సార్, గుట్టలు గుట్టలు. సున్నమే ఆయె, ఆసిడ్‌ను సంపుతది." వినడానికి సబబే. ఊరికే వచ్చేది, ఎంతంటే అంత ఉంది. మాటలతో తేల్చడం కన్నా చేసి చూద్దామని మెకానిక్ అన్న, నేను షెడ్డు బయట గాలి తగిలే చోట రెండు ట్రేలు పెట్టుకున్నాం. రబ్బరు ఏప్రాన్, పీవీసీ గ్లౌజులు, గమ్‌బూట్లు, ముఖానికి షీల్డు. బట్ట గ్లౌజులు, తోలు గ్లౌజులు ఆసిడ్‌కు వేసుకోకూడదు. అవి ఆసిడ్‌ను పీల్చుకుని చర్మానికి పట్టి ఉంచుతాయి, విప్పేలోపే కాలుస్తుంది.

మొదటి ట్రేలో ల్యాబ్‌లోని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పలుచనది పోసి డస్టు చల్లాం. ఉధృతంగా పొంగింది, పొంగుతూనే ఉంది, ఇంకాస్త డస్టు వేస్తే నెమ్మదించి ఆగింది. ఆసిడ్ ఉంటే ఎర్రబడే పీహెచ్ కాగితం ముంచితే ఎరుపు పోయింది. ఇది పనిచేసినట్టే.

రెండో ట్రేలో బ్యాటరీ ఆసిడ్. అదే డస్టు. మొదట అట్లాగే బుస్సుమంది, అంతలోనే చల్లబడిపోయింది. చూసేవాళ్లకు అయిపోయినట్టే అనిపిస్తుంది. కాగితం ముంచితే ఎర్రగానే వచ్చింది. కట్టెపుల్లతో డస్టును కలియబెడితే మళ్లీ బుస్సుమని పొంగి మళ్లీ ఆగింది. కారణం ఉంది. బ్యాటరీలో ఉండేది గంధకామ్లం. అది సున్నపురాయితో కలిస్తే జిప్సం పుడుతుంది. జిప్సం నీళ్లలో సరిగా కరగదు, రాతి రవ్వ చుట్టూ పొరలా పట్టేసుకుని లోపలి రాయిని ఆసిడ్‌కు అందకుండా మూసేస్తుంది. హైడ్రోక్లోరిక్‌తో పుట్టే కాల్షియం క్లోరైడు నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి రాయి తెరుచుకునే ఉంటుంది. పైన పొంగు ఆగింది చూసి, డస్టు కింద ఆసిడ్ మిగిలి ఉండగానే చీపురు పట్టుకుని ఊడ్చే మనిషికి ఏమవుతుందో ఆలోచిస్తే భయం వేస్తుంది.

తర్వాత అందులోనే వంట సోడా వేశాం. ఇక్కడ తొందర పనికిరాదు. గుప్పెడు ఒక్కసారి మధ్యలో వేస్తే నురగ ట్రే అంచు దాటి పొర్లింది, తుంపర్లు కూడా ఎగిరాయి. అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెం చల్లుకుంటూ పోతే కుదురుగా పొంగి అణిగింది. పొంగు పూర్తిగా ఆగి, కలియబెట్టినా లేవక, కాగితం ఆకుపచ్చకు వచ్చాక అయింది అనుకున్నాం.

లెక్క కూడా వేసుకున్నాం. ఛార్జయిన బ్యాటరీ ఆసిడ్ లీటరుకు ముప్పావు కిలో పైనే వంట సోడా కావాలి. సోడా యాష్ అయితే సుమారు అర కిలో సరిపోతుంది గానీ దాని ఘాటు వేరు, కంట్లో పడితే అదే మంట. అందుకని వంట సోడాకే ఓటు వేశాను. పెద్ద టిప్పర్ బ్యాటరీ పగిలితే పది లీటర్ల దాకా కారవచ్చు, కాబట్టి ఒలికితే వాడే సామాను పెట్టెలో పది కిలోలు. క్రషర్ డస్టునూ వదల్లేదు, దాని పని వేరు: ముందు చుట్టూ కట్ట పోసి ఆసిడ్ పారకుండా ఆపడం. ఆపేది డస్టు, చంపేది సోడా.

ఒక హెల్పర్ తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు: "సోడా ఉన్నదిగదా సార్, చేతి మీద పడితే గూడ గదే రాయొచ్చా?" రాయొద్దు. పెట్టెలో సోడా నేలకే. ఒంటి మీద, కంట్లో పడితే నీళ్లు, మళ్లీ నీళ్లు, కనీసం పదిహేను నిమిషాలు ధారగా. సోడా రాస్తూ కూర్చుంటే కడగడం ఆలస్యమై ఇంకా కాలుతుంది. తడిసిన బట్ట నీళ్ల కింద ఉండగానే విప్పేయాలి. ఇది పెట్టె మూత లోపలి వైపు పెద్దక్షరాలతో రాయించాను.

ఏప్రిల్

నూనెకు మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లుల పుణ్యాన ఊక కరువు లేదు, ఊక బూడిదకూ కరువు లేదు. రంపపు పొట్టు టింబర్ డిపో నుంచి తెచ్చుకోవాలి. మూడూ వాడి చూశాం. బూడిద నూనెను బాగా పట్టుకుంటుంది, ముద్దలా అవుతుంది. కానీ పిట్‌లో మధ్యాహ్నం గాలికి అది నేల మీద కన్నా మొహం మీదే ఎక్కువ పడుతుంది. పైగా బాయిలర్‌లో ఎక్కువ వేడికి కాలిన ఊక బూడిదలో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉండవచ్చు. రాతి దుమ్ము చాలదా, ఇంకోటి ఎందుకని దాన్ని పక్కన పెట్టేశాను. ఊక నూనెను నెమ్మదిగా తీసుకుంటుంది, ఎత్తేటప్పుడు కొంత కారుతుంది, కానీ నీళ్ల మీద తేలుతుంది. పొట్టు నేల మీద చక్కగా తాగుతుంది, నీళ్లలో నానితే మునుగుతుంది. కాబట్టి నేల మీదికి పొట్టు. సంపులోకి ఊక నింపి కుట్టిన పొడుగాటి వల సంచులు, తాడుతో ఒకదానికొకటి కట్టి నీళ్ల మీద అడ్డంగా తేలేసేటట్టు. సంచులు కుట్టింది తండా అక్కలే.

పెట్టెలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద స్టోర్ కీపర్ సార్‌తో కొంచెం వాదన జరిగింది. సామాను పోతుందని ఆయన అన్నీ స్టోరులో తాళంలో ఉంచుదామన్నారు. నూనె కారేది పొక్లెయిన్ దగ్గర, బౌజర్ (డీజిలు ట్యాంకరు బండి) డీజిలు పట్టే దగ్గర, డ్రిల్ మిషన్ దగ్గర. అక్కడి నుంచి హెల్పర్ నడుచుకుంటూ వచ్చి, తాళం అడిగి, సంతకం పెట్టి, సామాను మోసుకుపోయేసరికి నెర్రె తాగేసిన నూనెను ఇక ఎవరూ తోడలేరు. చివరికి పెట్టెలకు తాళం బదులు తెంపితే తెలిసిపోయే ప్లాస్టిక్ సీలు వేయడానికి ఒప్పుకున్నారు. డీజిల్ బౌజర్‌కే ఒకటి బిగించాం. పోతే పొట్టే కదా పోయేది.

ఏప్రిల్ చివర

ఎండ ముదిరింది. కంట్లో ఆసిడ్ పడితే కడుక్కోవడానికి బ్యాటరీ షెడ్డు దగ్గర ఐవాష్ పెట్టించాం. పెట్టిన మర్నాడు మధ్యాహ్నం తిప్పి చెయ్యి పెడితే నీళ్లు భగభగ మండుతున్నాయి. పైన నల్ల సింటెక్స్, ఎండలో పరిచిన పైపు. కాలిన కంటి మీద ఆ నీళ్లు ఎవరూ పదిహేను నిమిషాలు పట్టుకోలేరు, చెయ్యి అడ్డం పెట్టుకుని పారిపోతారు. ఐవాష్ నీళ్లు గోరువెచ్చదనం దాటకూడదు, ప్రమాణాల ప్రకారం 38 డిగ్రీలే పై హద్దు. పైపును మోకాలి లోతు భూమిలో పూడ్పించి, ట్యాంకును షెడ్డు నీడలోకి దించి గోనె చుట్టించాం. రోజూ పొద్దున, మధ్యాహ్నం తిప్పి కాసేపు వదలాలని షిఫ్టు మేటుకు అప్పజెప్పాను. నల్లగొండ జిల్లాలో సేఫ్టీ సామాను ఏది కొన్నా ముందు మే నెల మధ్యాహ్నానికి నిలుస్తుందా అని చూసుకోవాలి.

మే

పెట్టెలకు పని పడింది. పై బెంచీలో పొక్లెయిన్ బూమ్ దగ్గర హైడ్రాలిక్ హోసు పగిలింది. ఆపరేటర్ బకెట్ కిందికి ఆనించి ఇంజిన్ ఆపాడు. అది నేర్పినట్టే చేశాడు. కింద ఉన్న హెల్పర్ తమ్ముడు ముందు పారే వైపుకి పోయి, నెర్రెకు అడ్డంగా డస్టు సంచి చించి పోసి కట్ట వేశాడు. తర్వాతే పొట్టు. నూనె ఉన్న చోట చల్లడం అందరికీ తోస్తుంది. అది పోబోయే చోటు చూడటమే నేర్చుకోవాల్సిన పని. నేను జీపులో చేరేసరికి పొట్టు గోధుమరంగు ముద్దలుగా మారి, పారతో సంచులకెక్కుతోంది. రాయి మీద మిగిలిన జిడ్డును డస్టు చల్లి చీపురుతో రుద్ది మళ్లీ ఎత్తారు. నీళ్లు కొట్టలేదు. నీళ్లు కొడితే చోటు శుభ్రంగా కనిపిస్తుంది, నూనె మాత్రం సంపుకు చేరుతుంది.

అంతా అయ్యాక హోసు పక్కన ఇంకో చోట కూడా చెమ్మ ఉందని, ఇంజిన్ వేయించి వేళ్లతో తడిమి చూడబోయాడు మరో మెకానిక్. గట్టిగా అరిచి ఆపాను. పొక్లెయిన్ హైడ్రాలిక్ లైన్లో ప్రెషరు 300 బార్ దాటుతుంది. గుండుసూది మొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె కంటికి కనపడదు, గ్లౌజును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి ఎక్కుతుంది. బయట చీమ కుట్టినంత చుక్కే ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల మటుకు కండ చచ్చిపోతూ ఉంటుంది. గంటల్లో ఆపరేషన్ పడకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. కారుతున్న చోటు వెతకాలంటే పొడుగాటి అట్టముక్క పట్టుకుని దూరం నుంచి చూడాలి, వీలైతే ఇంజిన్ ఆపి ప్రెషరు వదిలేసి చూడాలి. పొరపాటున ఎక్కితే 108కి చేసి, డాక్టర్‌తో "చిన్న గాయం" అనకుండా "ప్రెషర్‌తో నూనె లోపలికెక్కింది" అనే మాటే చెప్పాలి. మర్నాడు అన్ని మిషన్లలో ఒక్కో అట్టముక్క పెట్టించాం, దాని మీద ఈ మాటే రాసి.

మే చివర, రోహిణి కార్తె

బ్లాస్టింగ్ దగ్గర చూడాల్సింది మిగిలిపోయింది. పేల్చడానికి రాతిలో వేసిన బోర్లలో మందు పోసేటప్పుడు మూతుల దగ్గర తెల్ల గింజలు రాలుతాయి. కొందరు కాలితో నేలకు రాసి వదిలేసేవాళ్లు. అమ్మోనియం నైట్రేట్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. తొలి వానకు సంపులో చేరి నైట్రేట్ అవుతుంది. తాగునీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం, ఎందుకంటే పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. బ్లాస్టర్ అన్న ఒప్పుకుని కొత్త పద్ధతి పెట్టాడు: మూతి చుట్టూ పట్టా పరవడం, రాలినవి ప్లాస్టిక్ పారతో ఎత్తి అదే బోరులో వేయడం. మట్టి కలిసినవి విడి సంచిలో సరఫరాదారు వాహనానికి అప్పజెప్పడం. ఇక్కడ పొట్టు సంచి కనపడరాదు. నిప్పురవ్వ లేపే ఇనుప పార కూడా రాదు.

జూన్

ఎత్తిన చెత్త సంగతి. నూనె పొట్టు, గుడ్డలు, ఫిల్టర్లు ప్రమాదకర వ్యర్థాల కిందికే వస్తాయి. 2016 రూల్సు ప్రకారం 90 రోజులకు మించి మన దగ్గర పెట్టుకోకూడదు. పొట్టు, గుడ్డలు దుండిగల్ దగ్గరి వ్యర్థాల కేంద్రానికి పంపడానికి ఒప్పందం కుదిరింది. కాలిన ఆయిలు అనుమతి ఉన్న రీసైక్లర్‌కే. లారీ కదిలేముందు సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసే ఫారం 10 మేనిఫెస్టు నింపి సంతకాలు పెట్టించుకున్నాం, ఏడు ప్రతులు.

అసలు చిక్కు ఈ కాగితాల్లో లేదు. కాలిన ఆయిలుకు ఊళ్లో గిరాకీ ఉంది. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి, తలుపులకు చెద పట్టకుండా, పశువుల పుండ్ల మీద రాయడానికి కూడా అడుగుతారు. అందులో ఇంజిన్ అరుగుదల నుంచి వచ్చిన లోహాలుంటాయి. ఖాళీ డ్రమ్ములకు అంతకన్నా గిరాకీ. నీళ్ల ఎద్దడి రోజుల్లో డ్రమ్ము కావాలని అడిగిన మనిషికి లేదనడం కష్టమే. లేదన్నాం. ఇచ్చేది నీళ్ల డ్రమ్ము కాదు, అడుగున రసాయనం పట్టిన డ్రమ్ము. పోయేముందు ప్రతిదానికీ గునపంతో రంధ్రాలు కొట్టిస్తున్నాం. గ్యాస్ కట్టర్ పెట్టనివ్వడం లేదు. ఖాళీదనుకున్న డ్రమ్ములో ఆవిరి ఉంటే కట్టర్ తగలగానే పేలుతుంది. బదులుగా కార్మికులకు కొత్త నీళ్ల డ్రమ్ములు కొనివ్వాలని మేనేజర్ సార్‌కు రాశాను, మంజూరైంది.

మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే సంపు చూశాం. హాల్ రోడ్డు దిగే మూలన పలుచగా రంగుల మెరుపు. ఊక సంచులు అడ్డం వేశాం, మెరుపు వాటి వెనకే ఆగింది. పక్క పొలం పెద్దమనిషి గట్టు మీద నిలబడి అడిగాడు: "నీళ్ల మీద తెట్టుగట్టిందంట గద సార్, మోటర్ ఎయ్యాల్నా వద్దా?" సంచులు మార్చి, మెరుపు పోయిందని చూపించేదాకా వేయొద్దని చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఇద్దరం కలిసి చూసి వేయించాం. ఇకనుంచి వాన పడ్డ ప్రతిసారీ మోటరు పెట్టే ముందు ఆయనకో, ఆయన కొడుక్కో సంపు చూపించాలని రిజిస్టర్‌లో రాసుకున్నాం.

మిగిలినవి: ఆసిడ్ గదికి టైలు ఇంకా పడలేదు, మసాలా వచ్చింది, మేస్త్రీ ఆదివారం మొదలుపెడతాడు. ల్యాబ్ దగ్గర రెండో ఐవాష్. హాల్ రోడ్డు మూలన నూనెను విడదీసే మూడు గదుల తొట్టి, దాని కొలతలు గీసి ఇచ్చాను. కొత్తగా వచ్చిన కాంట్రాక్టు జట్టుకు ట్రే, సోడా, పీహెచ్ కాగితం పెట్టి వాళ్ల చేతులతోనే చేయించాలి. ఒడియా వచ్చిన మేటును దానికి అడిగాను, వస్తానన్నాడు.